‘వీడే’ అని ముందే రాసేస్తే ఎలాగండీ?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం సంచిక పుస్తకాల పేజీలో కిందటి నెల ‘కొత్తగా వచ్చిన థ్రిల్లర్లు, మిస్టరీలు’ అని ఒక బాక్సు కట్టి అయిదు నవలల్ని పరిచయం చేశారు. మంచి పనే. కవిత్వం, విమర్శ, ఆత్మకథలు తప్ప ఇంకో పుస్తకమే లేనట్టుండే ఆ పేజీలో హత్యలకీ దొంగతనాలకీ కాస్త చోటు దొరికిందని సంతోషించాను. ఆ సంతోషం నాలుగో పుస్తకం దగ్గరికి వచ్చేదాకానే.

ఆ నాలుగో పుస్తకం అప్పటికి నా దిండు కిందే ఉంది. ఎనభయ్యో పేజీలో గుర్తుగా కరెంటు బిల్లు పెట్టుకుని పడుకున్నాను. పొద్దున కాఫీ గ్లాసుతో మీ పేపరు తెరిస్తే, పరిచయం రాసినవారు దాని గురించి ఆరు వాక్యాలు రాసి, అయిదో వాక్యంలో హంతకుడెవరో చెప్పేశారు. పేరు పెట్టి చెప్పలేదులెండి. ‘నమ్మిన స్నేహితురాలే ఇంత పని చేసిందని తెలిసినప్పుడు పాఠకుడు నిర్ఘాంతపోతాడు’ అన్నారు. కథలో స్నేహితురాలు ఒక్కతే ఉంటే ఇంక పేరెందుకండీ? నిర్ఘాంతపోయేదేదో నేను కాఫీ తాగుతూనే పోయాను.

ఆ నవల పేరు ఈ ఉత్తరంలో రాయను. రాస్తే మీ పాత సంచిక వెతికి చదివేవాళ్ళుంటారు. ఇప్పటికి పాడైంది నా ఒక్కదాని పుస్తకమే అనుకుంటున్నాను, అక్కడితో ఆగనివ్వండి.

ఇంత చిన్న విషయానికి ఇంత పెద్ద ఉత్తరమా అంటారేమో. నాకిది చిన్న విషయం కాదు. 1978 నుంచి 2004 దాకా తెనాలి మారిస్‌పేటలో మా ఇంటి వీధి గదిలో అద్దె పుస్తకాల షాపు నడిపాను. బోర్డు మీద ‘లెండింగ్ లైబ్రరీ’ అని రాయించాం గానీ అందరూ పుస్తకాల పిన్నిగారి కొట్టు అనేవారు. డిపాజిట్టు పది రూపాయలు. అద్దె రోజుకి మొదట్లో పావలా, తరవాత అర్ధరూపాయి, మూసేసేనాటికి రెండు రూపాయలు. బ్రౌను కాగితం అట్టలు, మైదా ఉడకేసిన జిగురు, దబ్బనంతో దారం కుట్టు, ఇవన్నీ నా చేత్తోనే. ఈ చేతుల మీదుగా ఎన్ని హత్యలు జరిగాయో లెక్క లేదు.

ఆ షాపుకి తిండి పెట్టింది మిస్టరీలే. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, అతని అసిస్టెంటు రాజు వస్తే రెండు కాపీలు కొనాల్సి వచ్చేది. ఒకటి ఆడవాళ్ళ చేతుల్లో తిరుగుతూ ఉండేది, రెండోది వాళ్ళ మగవాళ్ళు ఆఫీసుకి పట్టుకెళ్ళేవారు. మధుబాబు గారి షాడోకి కుర్రాళ్ళు క్యూ. ఆంధ్రభూమి వీక్లీలో సీరియల్‌గా వచ్చిన యండమూరి గారి ‘తులసిదళం’ పుస్తకమై వచ్చాక, ఇంట్లో చిన్నపిల్లలున్న తల్లులు తీసుకెళ్ళి, సగంలో భయపడి, రాత్రంతా వరండాలో పెట్టి పొద్దున తెచ్చిచ్చేవారు. మల్లాది గారి ‘చంటబ్బాయ్’ 1986లో సినిమాగా వచ్చినప్పుడు ఇంక దీన్ని ఎవరు చదువుతార్లే అని పై అరలో పెట్టేశాను. వారం తిరక్కుండా కిందికి దించాల్సి వచ్చింది.

చెప్పదలుచుకున్న సంగతి ఇప్పుడు చెబుతాను.

1984 ఎండాకాలం. మా వీధి చివర ఉండే ఒకావిడ పొద్దున తీసుకెళ్ళిన డిటెక్టివ్ నవల మధ్యాహ్నానికే తెచ్చి బల్ల మీద పడేసింది. “నా అర్ధరూపాయి నాకిచ్చెయ్యండి పిన్నిగారూ. ఇంక దీంట్లో చదవడానికేముంది?” అంది. పదకొండో పేజీ తీసి చూపించింది. జమీందారుగారి బావమరిది అప్పుడే కథలోకి అడుగు పెడుతున్నాడు, సిగరెట్టు ముట్టించుకుంటూ. అతని పేరు కింద గీత. పక్కన ఖాళీలో ఎర్ర పెన్సిలుతో రెండే రెండు అక్షరాలు: వీడే.

నిజంగా వాడే. రబ్బరు పెట్టి రుద్దితే ఆ ఎరుపు పోదు, గులాబీ రంగు మరకై ఇంకా బాగా కనబడుతుంది. ఆ రాత్రి అరలన్నీ దించి వెతికితే ఇంకో ఆరు పుస్తకాల్లో ‘వీడే’లు బయటపడ్డాయి. ఒకదాంట్లో మాత్రం ‘ఈవిడే’.

నా దగ్గర పద్దు పుస్తకం ఉండేది. ఏ పుస్తకం ఏ తేదీన ఎవరు పట్టుకెళ్ళారో, ఎప్పుడు తెచ్చారో అన్నీ దాంట్లో ఉంటాయి. ఏడు పుస్తకాలూ తీసుకున్నవాళ్ళు ఎవరా అని చూస్తే ఇద్దరు తేలారు. ఒకాయన కోర్టులో గుమాస్తా. ఇంకొకాయన హైస్కూల్లో లెక్కల మాష్టారు. ఎర్ర పెన్సిలు ఇద్దరి జేబుల్లోనూ ఉండేదే. ఎవరినని అడగను? ఇద్దరూ పెద్దమనుషులు, ఇద్దరూ బాకీ పెట్టని ఖాతాలు.

బెజవాడ నుంచి బస్సు పార్సిల్లో వచ్చిన కొత్త నవల ఒకటి కట్ట విప్పుతూనే నేను చదివేశాను. తరవాత ముందు గుమాస్తాగారికిచ్చాను. తిరిగొచ్చేసరికి అట్ట మీద కాఫీ గ్లాసు ముద్ర తప్ప ఇంకేం లేదు. తుడిచి మాష్టారికిచ్చాను. మూడో రోజు తెచ్చారు. ఆయన గుమ్మం దిగగానే తీసి చూశాను. పద్నాలుగో పేజీ, తోటమాలి పక్కన: వీడే.

దొరికాడు దొంగ అని లేచి నిలబడ్డాను. నిలబడ్డ తరవాత గుర్తొచ్చింది. ఆ నవల్లో హంతకుడు తోటమాలి కాదు!

కథంతా చదివినవాడు తప్పు మనిషి పక్కన ఎందుకు రాస్తాడండీ? మర్నాడు మాష్టారు వచ్చినప్పుడు పుస్తకం ముందు పెట్టి అడిగాను. ఆయన ముఖం ఎర్రబడింది. “పేపర్లు దిద్దే అలవాటమ్మా. మొదటి ముప్పై పేజీల్లో ఎవరి మీద అనుమానమొస్తే వాడి పక్కన రాసుకుంటాను. అంతా చదివాక సరిచూసుకుంటాను” అన్నారు. ఇన్నాళ్ళూ ఆయన రాసింది జవాబు కాదు, అంచనా. ఏడింటిలో ఏడూ సరిపోవడంతో నేను జవాబనుకున్నాను. “తప్పని తేలాకైనా చెరపచ్చుగా మాష్టారూ?” అంటే, “తప్పు చెరిపేస్తే ఎన్ని తప్పానో ఎలా తెలుస్తుందమ్మా?” అన్నారు.

ఆయన్ని తిట్టలేకపోయాను. కానీ అర్ధరూపాయి వాపసు అడిగినావిడ మాటా నిజమే. చివరికి ఒక నోటు పుస్తకం కొని, తాడు కట్టి, గుమ్మం పక్క మేకుకి తగిలించాను. అనుమానం ఏదన్నా ఉంటే దీంట్లో రాయండి, నవల మీద కాదు అన్నాను. పుస్తకం పేరు, ఎన్నో పేజీ దగ్గర రాస్తున్నారు, ఎవరి మీద అనుమానం. రాసి ఆ కాగితం మడిచి గుండుసూది గుచ్చాలి. పూర్తి చేసి తెచ్చిన రోజున నా ముందు విప్పాలి. సరిపోతే తరవాతి పుస్తకానికి అద్దె లేదు. ఆ నోటు పుస్తకానికి ‘వీడే పుస్తకం’ అని పేరు పడిపోయింది. కాలేజీ కుర్రాళ్ళు నవల కోసం కాక దాని కోసమే వచ్చేవారు. మాష్టారి లెక్క మూడేళ్ళలో 63కి 41. ఒకావిడ మూడంటే మూడు సార్లు రాసింది, మూడూ పదో పేజీలోపే, మూడూ సరిపోయాయి. ఇంకెప్పుడూ రాయలేదు. ఆవిడ మాటకొస్తే నాకిప్పటికీ కొంచెం భయమే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మిస్టరీ నవలకి డబ్బిచ్చేవాడు కథకివ్వడు, తెలియకపోవడానికిస్తాడు. ఆ తెలియకపోవడం ఒక్కసారే ఉంటుంది. పాత చీరకి జాకెట్టు గుడ్డ వెతికినట్టు మళ్ళీ తెచ్చుకునేది కాదు. మరి పరిచయం రాయవద్దా అంటే, రాయాలి. ‘ఎలా ఉందండీ ఈ నవల’ అని రోజుకి ఇరవైమంది అడిగితే ఇరవై ఆరేళ్ళు జవాబు చెప్పినదాన్ని. హంతకుడి ఊసు ఎత్తకుండా చెప్పడానికి బోలెడుంటుంది. ఎన్ని రాత్రులు పడుతుంది, మొదటి సంఘటన ఏమిటి, ఎక్కడ కాస్త ఓపిక పట్టాలి, ఇంట్లో ఎవరి చేతికివ్వకూడదు, ఇవి చెబితే చాలు, వాళ్ళకి కావలసిందో కాదో వాళ్ళే తేల్చుకుంటారు.

ఊరికే నీతులు చెప్పి తప్పుకోవడం నాకిష్టం లేదు. ఈ రెండేళ్ళలో నేను చదివిన కొత్తవాటిని నా పాత కొట్టు పద్ధతిలో పరిచయం చేస్తాను, పనికొస్తే వేసుకోండి. ఇవన్నీ ఇంగ్లీషువి. హైదరాబాదులో ఉండే మా పెద్ద మనవరాలు కొని పంపుతుంది. నాది తెలుగు మీడియం చదువు. శంకరనారాయణ డిక్షనరీ ఒళ్ళో పెట్టుకుని రోజుకి పదిహేను పేజీలు లాగుతాను.

జపాన్ నుంచి వచ్చిన ‘స్ట్రేంజ్ పిక్చర్స్’ ముందు చెప్పాలి. ఉకెట్సు అనే ఆయన రాశారు. ఆయనెవరో ఎవరికీ తెలియదు. తెల్ల ముసుగు, ఒంటినిండా నల్ల దుస్తులు వేసుకుని, గొంతు కూడా మార్చి యూట్యూబులో కనిపిస్తారు. జపాన్‌లో 2022లో వచ్చింది, ఇంగ్లీషులోకి జిమ్ రయన్ అనువాదం 2025 జనవరిలో వచ్చింది. పుస్తకం నిండా బొమ్మలు. ఒక భర్త ఇంటర్నెట్‌లో రాసుకున్న డైరీ ఉంటుంది. కడుపుతో ఉన్న భార్య గీసిన బొమ్మలు దాంట్లో పెడతాడు. చూస్తే మామూలు బొమ్మలే. ఆ తరవాత మీరు మళ్ళీ వెనక్కి తిప్పి చూస్తారు, చూసి ఊరుకోరు, కాగితాన్ని వెలుతురుకి పట్టుకుంటారు. ఇంతకన్నా చెప్పను. దీన్ని ఫోన్‌లో చదవకండి, బొమ్మలు కళ్ళకి ఆనవు. సన్న పుస్తకం, నాకే వారం పట్టింది, మీకు రెండు రాత్రులు. కడుపుతో ఉన్న ఆడపిల్లకి మాత్రం ఇవ్వద్దు. నేనే కొట్టులో ఉంటే అట్ట మీద రాసి పెట్టేదాన్ని.

ఆయనదే ‘స్ట్రేంజ్ హౌసెస్’ కూడా 2025లోనే ఇంగ్లీషులోకి వచ్చింది. దీంట్లో బొమ్మల బదులు ఇంటి ప్లాన్లు. టోక్యోలో ఒక ఇల్లు కొందామని చూస్తున్నవాళ్ళకి ప్లానులో ఎటూ తలుపు లేని చిన్న జాగా ఒకటి కనిపిస్తుంది. గోడలమధ్య ఆ ఖాళీ ఎందుకు? మన వైపు అయితే వాస్తు పంతులుగారిని పిలిచి రెండు గంటల్లో తేల్చేసేవారు, నవల ఉండేది కాదు. వాళ్ళకి పిలవడానికి పంతులు లేకపోబట్టి మనకి నవల దక్కింది. మొదటిదానంత పట్టు లేదు నా లెక్కలో, ప్లాన్లు చూడ్డం సరదాగా ఉండేవాళ్ళకి నచ్చుతుంది.

మనసుకి దగ్గరైంది మాత్రం రిచర్డ్ ఆస్మన్ పుస్తకాలు. ఇంగ్లండులో కెంట్ అనే ప్రాంతంలో రిటైరైనవాళ్ళుండే ఒక కాలనీ. అక్కడ నలుగురు పెద్దవాళ్ళు, ఎలిజబెత్, జాయిస్, ఇబ్రహీం, రాన్, గురువారం గురువారం కూచుని తేలని పాత హత్య కేసులు చర్చించుకుంటారు. మొదటిది ‘ది థర్స్‌డే మర్డర్ క్లబ్’ 2020లో వచ్చింది, అయిదోది ‘ది ఇంపాజిబుల్ ఫార్చ్యూన్’ 2025 సెప్టెంబరులో. జాయిస్ కూతురి పెళ్ళిలో మొదలవుతుంది. పెళ్ళికొడుకు తోడుగా నిలబడ్డ స్నేహితుడు ఎలిజబెత్‌ని పక్కకి పిలిచి, నన్నెవరో చంపాలని చూస్తున్నారు అంటాడు. అక్కడికి ఆపేస్తాను. కానీ మొదటి పుస్తకం నుంచి చదవండి, అయిదోదాంతో మొదలుపెడితే ఎలిజబెత్ ఎందుకలా ఉందో తెలియదు, ఆ బాధ తెలియకుండా చదవడం సగం చదవడమే. మన నవలల్లో డెబ్భై ఏళ్ళ ముసలమ్మ కనిపిస్తే కాఫీ అడగడానికో, కోడల్ని సాధించడానికో, రెండో ప్రకరణంలో పోవడానికో అయి ఉంటుంది. ఇక్కడ డెబ్భై దాటినవాళ్ళే అన్నీ పసిగడతారు. మోకాళ్ళ నొప్పులుంటాయి, మతిమరుపుంటుంది, పోయినవాళ్ళ కోసం ఏడుపూ ఉంటుంది, అయినా హంతకుడు వాళ్ళకే దొరుకుతాడు. మొదటి పుస్తకాన్ని 2025లో నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు సినిమా తీశారు, సినిమా నేను చూడలేదు. చూడను కూడా, జాయిస్ మొహం నాకు వేరేగా ఉంది.

లావుపాటి పుస్తకం కావాలా? లిజ్ మూర్ రాసిన ‘ది గాడ్ ఆఫ్ ది వుడ్స్’, 2024. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరాన అడిరాండాక్ అనే కొండల్లో వేసవి సెలవుల్లో పిల్లలుండే క్యాంపు. 1975 ఆగస్టులో ఒక తెల్లవారుజామున ఒక అమ్మాయి మంచం ఖాళీగా కనిపిస్తుంది. ఆ క్యాంపు ఉన్న నేలంతా ఆ పిల్ల వాళ్ళదే. పధ్నాలుగేళ్ళ కిందట ఆ పిల్ల అన్న కూడా అక్కడే మాయమయ్యాడు. కథ 1950ల్లోకీ 1961కీ 1975కీ ముందుకీ వెనక్కీ పోతూ ఉంటుంది. మొదటి వంద పేజీలు ఓపిక పట్టాలి. చీటీ మీద పేర్లు రాసి పుస్తకంలో పెట్టుకున్నాను, మీరూ పెట్టుకోండి. ఆ తరవాత చీటీ అక్కర్లేదు, వాళ్ళంతా మీ వీధిలోవాళ్ళయిపోతారు. డబ్బున్నవాళ్ళ ఇంట్లో పనివాళ్ళకి ఏం తెలుసో, తెలిసీ ఎందుకు నోరు విప్పరో దీంట్లో ఉన్నంత బాగా ఈ మధ్య నేనెక్కడా చదవలేదు.

డాన్ బ్రౌన్ గారి ‘ది సీక్రెట్ ఆఫ్ సీక్రెట్స్’ కూడా 2025 సెప్టెంబరులోనే వచ్చింది. ప్రాగ్ నగరం, పరుగులు, రహస్యాలు. ఆరువందల పేజీలు దాటిన దిండు. ఆయన పాత పుస్తకాలు నచ్చినవాళ్ళకి ఇదీ నచ్చుతుంది. నాకు ప్రాగ్ ఊరు బాగా తెలిసింది, అంతే.

మన దేశంలోవి కావాలంటే హరిణి నాగేంద్ర గారి ‘ది బ్యాంగలోర్ డిటెక్టివ్స్ క్లబ్’ దొరికితే వదలకండి. ఆవిడ బెంగళూరులో చెట్ల మీద, చెరువుల మీద పరిశోధన చేసే ప్రొఫెసరు. మొదటిది 2022లో వచ్చింది, తరవాత వరసగా ఇంకా వచ్చాయి, మూడోది ‘ఎ నెస్ట్ ఆఫ్ వైపర్స్’ 2024ది. 1921 బెంగళూరు. కావేరి అనే పిల్ల, కొత్తగా కాపురానికొచ్చింది, లెక్కలంటే ప్రాణం, మొగుడు డాక్టరు. చీర కట్టుకుని కారు నడుపుతూ హత్య కేసు తేలుస్తుంది. ఎంత తొందరున్నా పిండివంట మాత్రం ఆగదు. తమాషా ఏమిటంటే, మొదటి పుస్తకం చివరి పేజీలు తిప్పితే వంటల తయారీ ఉంటుంది! చివరి పేజీ ముందు చదివేసే దొంగలకి ఇంతకన్నా మంచి శిక్ష నేను చూడలేదు. హంతకుడి కోసం వెళ్ళి పోపు గింజలు లెక్కపెట్టుకుని వస్తారు.

వసీం ఖాన్ అనే ఆయన పర్సిస్ వాడియా అని దేశంలోనే మొదటి ఆడ పోలీసు ఇనస్పెక్టరును బొంబాయిలో పెట్టి రాస్తున్న వరస కూడా బాగుంటుంది. ‘మిడ్‌నైట్ ఎట్ మలబార్ హౌస్’ నుంచి మొదలెట్టండి. 1949 డిసెంబరు 31 రాత్రి, దేశం రిపబ్లిక్ కావడానికి ఇంకా మూడు వారాల పైచిలుకు ఉందనగా, ఫోన్ మోగుతుంది. స్టేషన్లో డ్యూటీలో ఉన్నది ఆవిడొక్కతే.

చూశారా, ఇన్ని చెప్పాను, ఒక్క హంతకుడైనా బయటపడ్డాడా?

మా చిన్న మనవరాలు లండన్‌లో చదువుకుంటున్నప్పుడు ‘ది మౌస్‌ట్రాప్’ నాటకం చూసొచ్చింది. అగాథా క్రిస్టీ రాసింది. 1952 నవంబరులో మొదలైన నాటకం, కరోనాకి ఏడాది పైన మూసేసిన రోజులు తప్ప ఇప్పటికీ ఆడుతూనే ఉంది. నాటకం అయిపోయాక నటుల్లో ఒకరు ముందుకొచ్చి, దయచేసి రహస్యం మీ గుండెల్లోనే దాచుకోండి అని ప్రేక్షకుల్ని అడుగుతారట. డెబ్భై ఏళ్ళ పైగా రోజూ అడుగుతున్నారు. పిల్ల ఇంటికి ఫోన్ చేసినప్పుడు అడిగాను, ఎవరే చేసింది అని. “చెప్పను అమ్మమ్మా, మాటిచ్చాను” అంది. నేను లండన్ రాను కదే, ఈ జన్మకి చూడను కదే అని బతిమాలాను. ఊహూఁ. ఆ పూట దాని మీద కోపమొచ్చి ఫోన్ పెట్టేశాను. రాత్రి పడుకున్నాక మాత్రం నవ్వొచ్చింది. ఒక్కసారి చూసిన నాటకానికి ఆ పిల్ల నిలబెట్టుకున్న మాట, నెలకి వేల పుస్తకాల వార్తలు చూసే పేపరు నిలబెట్టుకోలేదు.

1929లో రోనాల్డ్ నాక్స్ అని ఇంగ్లండులో ఒక ఫాదరీ, ఆయనా డిటెక్టివ్ నవలలు రాసినాయనే, రచయితలకి పది నియమాలు పెట్టాడు. హంతకుడు కథ మొదట్లోనే కనిపించిన మనిషై ఉండాలి. రహస్య దారులు ఒకటికి మించి పెట్టకూడదు. కవల సోదరుడు ఉన్నట్టుండి ఊడిపడకూడదు, కవలలున్నారని పాఠకుడికి ముందే అందేలా చెప్పాలి. (ఈ చివరిది మన సినిమావాళ్ళకి ఎవరూ చేరవేసినట్టు లేదు.) ఇంతా చేసి ఆయన పరిచయాలు రాసేవాళ్ళకి ఒక్క నియమమూ పెట్టలేదు. వాళ్ళు అంత పని చేస్తారని ఫాదరీగారికి తోచి ఉండదు.

ఇంకో మాట, ఇది మీ తప్పు కాదు గానీ మీరు తలచుకుంటే అయ్యేది. మీ అయిదింటిలో తెలుగు నవల ఒక్కటీ లేదు. నేను చెప్పినవాటిల్లోనూ లేదు, అందుకు నాకే సిగ్గుగా ఉంది. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్ళి నాలుగు స్టాళ్ళలో కొత్త డిటెక్టివ్ నవల ఏదన్నా ఉందా బాబూ అని అడిగాను. ముగ్గురు యుగంధర్‌నీ షాడోనీ కొత్త అట్టల్లో చూపించారు. నాలుగో కుర్రాడు, “మామ్మగారూ, అవి ఇప్పుడు ఫోన్లో చదువుతున్నారండి” అన్నాడు. నిజమే, ప్రతిలిపి అనే యాప్‌లో తెలుగు సస్పెన్స్ సీరియళ్ళు చాలానే ఉన్నాయి, మా పనమ్మాయి అంట్లు తోముతూ పక్కన గూట్లో ఫోన్ ఆనించుకుని చదువుతుంది. అంటే చదివేవాళ్ళు ఎక్కడికీ పోలేదు. వాళ్ళు చదివేదాని గురించి పెద్దపేపర్లో ఒక్క ముక్క ఉండదు, బాగుందనీ బాగాలేదనీ చెప్పేవాళ్ళు లేరు, రాసేవాడికి చెయ్యి తిరిగేదెలా?

కాబట్టి అడుగుతున్నాను. ఆదివారం సంచికలో తెలుగు మిస్టరీ ఒకటి సీరియల్‌గా వెయ్యండి. కొత్తవాళ్ళ చేతే రాయించండి. పన్నెండు వారాలు చాలు, దాన్ని యాభై వారాలు సాగదీయద్దు. ఎనిమిదో వారంలో ఒక కూపను అచ్చువేసి, హంతకుడెవరో పాఠకుల్ని రాసి పంపమనండి. పన్నెండో వారం దాకా ఆ కవర్లు విప్పకండి. బహుమతి పెద్దది అక్కర్లేదు, ఒక నవల పంపితే చాలు. నా కొట్టులో ఒక నోటు పుస్తకం, ఒక మేకు, పదిపైసల గుండుసూదులతో జరిగిన పని ఇది.

వీడే పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. 2004లో కొట్టు ఎత్తేసినప్పుడు పుస్తకాలన్నీ కిలోల లెక్కన పోయాయి, అదొక్కటి ఇవ్వలేదు. మీ సీరియల్ మొదలైతే మొదటి అంచనా దాంట్లో నేనే రాస్తాను.

ఆ నాలుగో పుస్తకం సంగతి చెప్పి ముగిస్తాను. ఎనభయ్యో పేజీ దాటి నాలుగు పేజీలు చదివాను. ఆ స్నేహితురాలు టీ పెట్టినా అనుమానమే, తలుపు తీసినా అనుమానమే. ఇంక చదవబుద్ధి కాలేదు. మా పక్కవాటాలో బ్యాంకులో పనిచేసే పిల్ల ఉంది, ఇంగ్లీషు పుస్తకాలు చదువుతుంది, అదృష్టం బాగుండి వాళ్ళు మీ పేపరు వేయించుకోరు. పుస్తకం ఆ పిల్లకిచ్చేశాను. రోజూ సాయంత్రం బ్యాంకు నుంచి రాగానే గోడ దగ్గర నిలబడి ఎంతవరకు వచ్చిందో చెబుతుంది. నిన్న రెండువందల పదో పేజీలో ఉంది. “మామ్మగారూ, నాకెందుకో ఆ లాయరు మీదే అనుమానంగా ఉందండీ. ఆ స్నేహితురాలు లేకపోతే పాపం ఈవిడేమైపోయేదో” అంది.

నేను మాగాయ జాడీకి వాసెన కడుతున్నాను. ముడి బిగించి, “ఊఁ, చూడు ఏమవుతుందో” అన్నాను.

ఇట్లు,
ఒకప్పటి అద్దె పుస్తకాల షాపు పిన్నిగారు,
మారిస్‌పేట, తెనాలి.